షట్టరు నొక్కడానికి ముందు

ఇటీవల ఒక బంధువుల ఇంట్లో ఒక తల్లి తన కుమారుని గురించి చెప్పి బాధపడ్డారు. "భాయిసాబ్, వీడికి చదువు మీద ధ్యాస లేదు. పుస్తకం ముందు కూర్చోబెడితే పావుగంట నిలవడు. అదే ఫోను చేతికిస్తే ఒక్క చెట్టు ముందు గంటసేపు నిలబడతాడు. ఏమిట్రా అంటే, ఎండ ఆకుల మీద ఎలా పడుతుందో చూస్తున్నా అమ్మీ అంటాడు. వాళ్ళ అబ్బా విసిగిపోయి ఫోను బీరువాలో పెట్టి తాళం వేశారు. మీరైనా రెండు మాటలు చెప్పండి" అన్నారు. ఆ అబ్బాయి పక్కనే తల దించుకుని నిలబడి ఉన్నాడు.

ఆ క్షణాన నాకు తగిన మాట తోచలేదు. ఇంటికి వచ్చాక ఆలోచిస్తుంటే నూరేళ్ళ కిందటి మరో బాలుడు, మరో తండ్రి గుర్తుకు వచ్చారు. ఆ బాలుడు కూడా బడిలో నిలవలేదు. ఆ తండ్రి కూడా కలత చెందాడు. కానీ ఆయన బీరువాకు తాళం వేయలేదు. ఆ బాలుడే తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఛాయాచిత్ర కళాకారుడు ఆన్సెల్ ఆడమ్స్. ఈ నెల ఆయన నడిచిన దారిని గురించి, ఆ దారిలో ఆయన వదలకుండా పట్టుకున్న విలువల గురించి ముచ్చటించుకుందాం.

ఫొటో అనగానే మన ఇళ్ళలో ఒక సందేహం తలెత్తడం సహజం. ప్రాణుల చిత్రాల విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చను తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆడమ్స్ పేరు తెచ్చిపెట్టిన చిత్రాల్లో అత్యధికం కొండలు, నదులు, చెట్లు, మబ్బులు. ఇక కెమెరా వెనుక ఉన్న శాస్త్రం మనకు పరాయిదేమీ కాదు. సుమారు 965లో బస్రాలో జన్మించి, కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో ఒక పరీక్షను వివరించారు. చిన్న రంధ్రం ఉన్న ఒక చీకటి గది. రంధ్రానికి ఎదురుగా బయట కొన్ని దీపాలు. లోపలి గోడపై దీపాలెన్నో అన్ని వెలుగు మచ్చలు కనిపిస్తాయి. ఒక దీపాన్ని కప్పితే దానికి చెందిన మచ్చ ఒక్కటే మాయమవుతుంది. అంటే ఒకే రంధ్రం గుండా వచ్చినా కిరణాలు ఒకదానితో ఒకటి కలగాపులగం కావు. దేని దారిన అది సూటిగా పోతుంది. కెమెరా పనిచేసేది ఈ సూత్రం మీదనే. 'కెమెరా' అనే మాటకు లాటిన్ భాషలో అర్థం కూడా గది అనే.

బడిలో ఇమడని బాలుడు

ఆన్సెల్ ఆడమ్స్ 1902 ఫిబ్రవరి 20న అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం. నాలుగేళ్ళ వయసులో, 1906 ఏప్రిల్‌లో ఆ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపం వచ్చింది. పెద్ద కుదుపు నుంచి క్షేమంగా బయటపడ్డ ఆ పసివాడు, తరువాత వచ్చిన చిన్న కుదుపుకు తోట గోడకు కొట్టుకున్నాడు. ముక్కు విరిగింది. ఆ వంకర ముక్కు జీవితాంతం అలాగే ఉండిపోయింది.

తాతగారి కాలంలో కలప వ్యాపారంతో వెలిగిన ఆ కుటుంబం కొద్ది సంవత్సరాల్లోనే ఆర్థికంగా చితికిపోయింది. తండ్రి చార్లెస్ ఆడమ్స్ మిగిలిన జీవితమంతా ఆ నష్టాల బరువును మోశారు. ఇన్ని ఇబ్బందుల మధ్య ఒక్కగానొక్క కొడుకు బడిలో ఇమడలేదు. బెంచీ మీద కుదురుగా కూర్చోలేడు, చెప్పింది వినడు, ఊరకే నవ్వుతాడు. ఒక బడి తరువాత మరొక బడి మార్చారు. ఫలితం లేదు.

ఇలాంటి పరిస్థితిలో సాధారణంగా ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. పొరుగింటి పిల్లవాడితో పోలిక మొదలవుతుంది. తిట్లు, దెబ్బలు, చివరికి నిరాశ. చార్లెస్ ఆడమ్స్ అలా చేయలేదు. కొడుకు మందబుద్ధి కాడనీ, అతని మనసు మరో తీరుగా పనిచేస్తోందనీ గ్రహించారు. పన్నెండేళ్ళ వయసులో బడి మాన్పించి ఇంటి వద్దనే చదువు ఏర్పాటు చేశారు. కొంత తాను చెప్పారు. కొంత ఇతరుల చేత చెప్పించారు. ఆ బాలుడు ప్రాచీన గ్రీకు భాష నేర్చుకున్నాడు. తనంతట తానే పియానో వాయించడం మొదలుపెడితే దానికీ గురువులను కుదిర్చారు.

1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక బ్రహ్మాండమైన అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. తండ్రి కొడుకుకు ఏడాది పొడవునా చెల్లే ప్రవేశపత్రం కొనిచ్చి, రోజూ వెళ్ళి చూడమన్నారు. యంత్రాలు, చిత్రపటాలు, శిల్పాలు, సంగీతం - ఆ ఏడాది ఆ బాలునికి అదే పాఠశాల. ఆ తరువాత ఎనిమిదో తరగతి పూర్తి చేసిన ధ్రువపత్రాన్ని మాత్రం ఒక ప్రైవేటు పాఠశాల నుంచి సంపాదించాడు. అతని బడి చదువు అక్కడితో ముగిసింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లల్ని బడి మాన్పించమని నేను చెప్పడం లేదు. చార్లెస్ ఆడమ్స్ బడిని మాన్పించారే గాని చదువును మాన్పించలేదు. బడి చేయాల్సిన పనిని తన నెత్తిన వేసుకున్నారు. డబ్బు కరువైన రోజుల్లో తన సమయాన్ని ఖర్చు చేశారు. చాలామంది తల్లిదండ్రులకు డబ్బు ఇవ్వడం కన్నా కష్టమైన పని అదే.

తొలి కెమెరా, తొలి కొండలు

1916లో పద్నాలుగేళ్ళ ఆన్సెల్ పట్టుబట్టి తల్లిదండ్రులను కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు సెలవులకు తీసుకువెళ్ళాడు. నిట్టనిలువు రాతి కొండలు, వాటిపై నుంచి దూకే జలపాతాలు, ప్రతి గడియకూ మారిపోయే వెలుగు. అక్కడ తల్లిదండ్రులు అతని చేతికి ఒక చిన్న పెట్టె కెమెరా ఇచ్చారు. కోడాక్ సంస్థ తయారుచేసిన బ్రౌనీ అది. ఆనాడు సామాన్యులు కొనగలిగిన కెమెరా. ఆ సంవత్సరం మొదలుకొని జీవితాంతం ఏటా ఆయన ఆ లోయకు వెళుతూనే ఉన్నాడు.

కెమెరా చేతికి రాగానే పని వచ్చేయదు. మరుసటి ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో ఫొటోలు కడిగి ముద్రించే ఒక చిన్న దుకాణంలో పనికి చేరాడు. ఫిల్ము కడగడం, ముద్రించడం, ఆరబెట్టడం - మందుల వాసన మధ్య చీకటి గదిలో నేర్చుకున్న తొలి పాఠాలవి. ఆపైన వరుసగా నాలుగు వేసవులు, 1920 నుంచి 1923 వరకు, యోసెమిటీలో సియెర్రా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంఘానికి చెందిన విడిది గృహానికి కాపలాదారుగా పనిచేశాడు. కొండలెక్కేవారికి దారి చూపించడం, విడిదిని శుభ్రంగా ఉంచడం, మిగిలిన సమయంలో బరువైన కెమెరా మోసుకుంటూ కొండలపై తిరగడం అతని దినచర్య. తరువాత ప్రపంచం మెచ్చుకున్న చిత్రాల వెనుక ఇలా పేరులేని పనుల్లో గడిచిన ఏళ్ళు ఉన్నాయి.

మిగిలిన ఒక్క ప్లేటు

1927 ఏప్రిల్ 10. వయసు ఇరవై అయిదు. మరుసటి ఏడాది తన అర్ధాంగి కాబోయే వర్జీనియాతో, మరికొందరు మిత్రులతో కలిసి ఆడమ్స్ మంచులో కొండ ఎక్కాడు. యోసెమిటీలో 'హాఫ్ డోమ్' అనే మహా శిలకు ఎదురుగా ఉన్న ఒక రాతి అంచు వారి గమ్యం. ఆ రోజుల్లో అతను వాడింది గాజు ప్లేట్ల కెమెరా. ఒక్కో చిత్రానికి ఒక్కో గాజు ప్లేటు. వాటిని వీపున మోయాలి, పగలకుండా చూసుకోవాలి. మోసుకెళ్ళినవే కొద్ది ప్లేట్లు. దారిలో కొన్ని ఖర్చయ్యాయి. ఆ శిల ముందు నిలబడేసరికి చేతిలో మిగిలినవి రెండే.

ఒక ప్లేటుపై మామూలుగా వాడే పసుపు రంగు ఫిల్టరుతో చిత్రం తీశాడు. తీసిన వెంటనే మనసులో ఒక వెలితి. ఆ రాతి గోడ ముందు తనకు కలిగిన గాంభీర్యం ఈ చిత్రంలో రాదు. ఆకాశం పాలిపోయి కనిపిస్తుంది. చిత్రం కళ్ళతో చూసినట్టే రావచ్చు, కానీ మనసుకు తోచినట్టు రాదు. అప్పుడతను చివరి ప్లేటును కెమెరాలో పెట్టి, ముదురు ఎరుపు ఫిల్టరు తగిలించాడు. ఎరుపు ఫిల్టరు నీలి వెలుగును ఆపివేస్తుంది గనుక నీలాకాశం నలుపు తిరుగుతుంది. తెల్లని మంచు, ఎండ పడుతున్న రాయి మరింత స్ఫుటంగా నిలుస్తాయి. ఆ రాత్రి ప్లేటు కడిగి చూసుకుంటే మనసులో కనిపించిన చిత్రమే గాజుపై కనిపించింది. 'మోనోలిత్' పేరుతో ఆ చిత్రం ప్రఖ్యాతి పొందింది.

ఆ రోజు తనకు అబ్బిన సూత్రాన్ని ఆయన జీవితాంతం శిష్యులకు బోధించారు. షట్టరు నొక్కడానికి ముందే చిత్రం మనసులో పూర్తి కావాలి. దేన్ని చూపదలచుకున్నాను, ఎందుకు చూపదలచుకున్నాను అన్నది ముందు తేలాలి. చేతి పని తరువాత. మన ఇళ్ళలో ప్రతి పనికీ ముందు నియ్యత్ సరిచూసుకోమని పెద్దలు పిల్లలకు చెబుతారు. ఒక పరాయి దేశపు కళాకారుడు తన వృత్తిలో కష్టపడి చేరుకున్నది కూడా అలాంటి చోటికేనని నాకు అనిపిస్తుంది. నేడు మన జేబులో ఉన్న ఫోను ఒక్క నిమిషంలో వంద చిత్రాలు తీస్తుంది. వంద తీసి ఒకటి ఏరుకోవడం సులభం. ఒక్కటే ప్లేటు మిగిలినప్పుడు మనిషి ఎలా ఆలోచిస్తాడో, వంద అందుబాటులో ఉన్నప్పుడు కూడా అలాగే ఆలోచించగలగడం కష్టం.

పియానోనా, కెమెరానా?

ఇంత జరిగినా ఆడమ్స్ ఇంకా పియానో కళాకారుడు కావాలనే కలతోనే ఉన్నాడు. 1925లో ఖరీదైన పెద్ద పియానో కూడా కొనుక్కున్నాడు. రెండు పడవల మీద కాళ్ళు. 1930లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని టావోస్ అనే ఊళ్ళో ఆయనకు పాల్ స్ట్రాండ్ అనే ఛాయాచిత్రకారుడు తటస్థపడ్డారు. ఆ సమయంలో స్ట్రాండ్ దగ్గర ముద్రించిన చిత్రాలు లేవు, నెగెటివ్‌లు మాత్రమే ఉన్నాయి. వాటినే తెల్ల కాగితం ముందు పట్టుకుని చూపించారు. నలుపు తెలుపులు తారుమారైన ఆ చిన్న ఫలకాల్లోనే కెమెరా ఏ ఎత్తుకు చేరగలదో ఆడమ్స్‌కు అర్థమైంది. తన దారి ఏదో ఆనాడు నిశ్చయమైంది.

ఇంట్లో తల్లి, ఆమె సోదరి దుఃఖించారు. ఇన్నేళ్ళు సాధన చేసిన సంగీతాన్ని వదులుకోవద్దని బతిమాలారు. ఒక యంత్రం మనిషి హృదయాన్ని ఎలా పలికిస్తుందని వారి ఆవేదన. యంత్రానికి అది చేతకాకపోవచ్చు గాని, యంత్రం వెనుక నిలిచిన మనిషికి చేతనవుతుందని ఆయన సమాధానం. ఆ తల్లి భయం అర్థం లేనిది కాదు. కళను నమ్ముకున్నవాని ఇంట్లో పొయ్యి వెలగడం ఏ కాలంలోనైనా కష్టమే. ఆడమ్స్ కూడా ఇల్లు గడవడానికి దశాబ్దాల పాటు వ్యాపార సంస్థలకు ప్రకటనల చిత్రాలు తీశారు. ఆ పనిని చిన్నతనంగా ఎంచలేదు. కుటుంబ బాధ్యతను కళ పేరు చెప్పి దులిపేసుకోలేదు.

సంగీతం కూడా వృథా పోలేదు. రోజూ గంటల తరబడి ఒకే స్వరాన్ని సాధన చేసిన క్రమశిక్షణ ఆయనతో పాటు చీకటి గదిలోకి వచ్చింది. నెగెటివ్‌ను ఆయన సంగీతకారుడు రాసుకున్న స్వరపత్రంతోనూ, ముద్రించిన చిత్రాన్ని ఆ స్వరాలను వాయించి వినిపించడంతోనూ పోల్చేవారు.

సిద్ధపడినవానికే చిక్కిన క్షణం

1932లో ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ మొదలైన మిత్రులతో కలిసి ఆడమ్స్ 'ఎఫ్ 64' అనే బృందాన్ని ఏర్పరచారు. కటకపు ద్వారాన్ని అతి చిన్నదిగా చేసే కొలత అది. అలా చేస్తే దగ్గరి గడ్డిపోచ నుంచి దూరపు కొండ వరకు అంతా స్పష్టంగా వస్తుంది. ఆ రోజుల్లో చాలామంది ఫొటోలను మసకగా తీసి, చేత్తో గీసిన చిత్రాల్లా కనిపించేటట్టు మెరుగులు దిద్దేవారు. ఫొటో ఫొటోలాగే ఉండాలి, మరొక కళ వేషం వేసుకోకూడదన్నది ఈ బృందం పట్టుదల.

1941లో ఒక సాయంకాలం ఆడమ్స్ న్యూ మెక్సికోలో కారులో వెళుతున్నారు. హెర్నాండెజ్ అనే చిన్న పల్లె వద్ద దూరాన మంచు కొండలపై చంద్రుడు ఉదయిస్తున్నాడు. ఇవతల సమాధుల తోటలోని తెల్లని శిలువలపై అస్తమిస్తున్న సూర్యుని చివరి కిరణాలు. కారు ఆపి, బరువైన కెమెరాను హడావిడిగా నిలబెట్టారు. వెలుగును కొలిచే మీటరు ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడు చంద్రబింబపు కాంతి ఎంతో తనకు కంఠస్థమై ఉన్న అంకె గుర్తుకు వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని మనసులోనే లెక్క కట్టి షట్టరు నొక్కారు. జాగ్రత్త కోసం రెండో చిత్రం తీయబోయేలోగా శిలువలపై ఎండ పోయింది. దక్కింది ఒక్కటే. 'మూన్‌రైజ్' పేరుగల ఆ చిత్రం ఆధునిక ఛాయాచిత్ర కళలో అత్యంత ప్రసిద్ధి చెందినవాటిలో ఒకటి.

దీన్ని అదృష్టం అనవచ్చు. కానీ ఆ అంకె కంఠస్థమై ఉండడం అదృష్టం కాదు. ఆ సమయంలోనే ఆయన, ఫ్రెడ్ ఆర్చర్ అనే సహోపాధ్యాయుడు కలిసి, చిత్రంలోని చీకటి వెలుగులను కటిక నలుపు నుంచి స్వచ్ఛమైన తెలుపు వరకు పదకొండు మెట్లుగా విభజించి, ఏ భాగం ఏ మెట్టుపై ఉండాలో ముందే నిర్ణయించుకునే 'జోన్ సిస్టమ్' పద్ధతికి రూపం ఇచ్చారు. ఈ విద్యను వారు గుట్టుగా దాచుకోలేదు. 1948 నుంచి కెమెరా, నెగెటివ్, ప్రింటు గురించి వరుసగా పుస్తకాలు రాసి, తనకు తెలిసినదంతా ఆడమ్స్ అందరి ముందూ పరచారు. తన విద్య మరొకరికి తెలిస్తే తన గిరాకీ తగ్గుతుందని భయపడేవారు ప్రతి వృత్తిలో ఉంటారు. ఆయన ఆ భయం పెట్టుకోలేదు.

ముళ్ళకంచె లోపలి పొరుగువారు

ఆడమ్స్ గురించి రాసేవారు చాలామంది కొండల దగ్గరే ఆగిపోతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచే ఘట్టం 1943 నాటిది.

1941 డిసెంబరులో జపాన్ సైన్యం పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. అమెరికా యుద్ధంలోకి దిగింది. దాంతో పడమటి తీరంలో తరతరాలుగా వ్యవసాయం, వ్యాపారం చేసుకుంటున్న జపాను సంతతివారు ఒక్కసారిగా శత్రువులుగా కనిపించసాగారు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జారీచేసిన ఉత్తర్వును ఆధారం చేసుకుని, సుమారు లక్షా 20 వేల మందిని ఇళ్ళ నుంచి తరలించి శిబిరాల్లో నిర్బంధించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. ఏ నేరమూ రుజువు కాలేదు. విచారణ కూడా లేదు. వారి పుట్టుకే వారి నేరం. ఆడమ్స్ తల్లిదండ్రుల ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక వృద్ధుణ్ణి కూడా ఇలాగే తీసుకుపోయారు.

అటువంటి శిబిరాల్లో ఒకటి కాలిఫోర్నియాలోని మంజనార్. ఆడమ్స్ ప్రాణప్రదంగా ప్రేమించిన సియెర్రా నెవాడా పర్వతాల తూర్పు పాదాన, గాలిదుమారాలు రేగే ఎడారి నేలపై చెక్క పాకల్లో పదివేలకు పైగా మనుషులు. 1943లో శిబిరం అధికారిగా ఉన్న తన మిత్రుడు ఆహ్వానించగా ఆడమ్స్ అక్కడికి వెళ్ళారు. ఆ పనికి జీతం తీసుకోలేదు. కాపలా బురుజులను, సైనికులను, ముళ్ళకంచెను ఫొటో తీయరాదన్నది ప్రభుత్వ నిబంధన.

కొండలను తీసిన కెమెరాను ఆయన మనుషుల ముఖాల వైపు తిప్పారు. పొలంలో పనిచేసే రైతు, బడిలో పాఠం వింటున్న బాలిక, ఆసుపత్రిలో నర్సు, శిబిరంలోనే పత్రిక నడుపుతున్న సంపాదకుడు, తమ సంతానం అమెరికా సైన్యంలో పనిచేస్తుంటే ఇక్కడ బందీలై ఉన్న తల్లిదండ్రులు. ముఖాలను చాలా దగ్గరగా, సహజమైన ఎండలో తీశారు. చూసేవాడు వారి కళ్ళలోకి చూడకుండా తప్పించుకోలేడు. 1944లో ఆ చిత్రాలతో, తన వ్యాఖ్యతో పుస్తకం వెలువరించారు. స్వేచ్ఛగా, సమానులుగా పుట్టినవారు అని అర్థమిచ్చే పేరు దానికి పెట్టారు. యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది. దేశమంతా ద్వేషంతో రగిలిపోతున్న వేళ, శత్రువులని ముద్రపడినవారిని పొరుగువారని చెప్పడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో మన పాఠకులకు వేరుగా వివరించనక్కరలేదు.

ఆ శిబిరంలో టోయో మియాటకే అనే ఛాయాచిత్రకారుడు బందీగా ఉన్నాడు. లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో నడిపిన మనిషి. బందీల వద్ద కెమెరా ఉండరాదని నిషేధం. ఆయన ఒక కటకాన్ని రహస్యంగా లోపలికి తెచ్చుకుని, తోటి వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించి దానికి బిగించాడు. ఇక్కడ జరుగుతున్నది రేపటి తరానికి తెలియాలన్నది ఆయన తపన. విషయం బయటపడినా శిబిరం అధికారి కాదనలేదు. అయితే మొదట ఒక షరతు విధించారు. కెమెరాను అమర్చడం, వెలుగు చూసుకోవడం అంతా మియాటకే చేయవచ్చు. షట్టరును మాత్రం ఒక తెల్లజాతి ఉద్యోగి నొక్కాలి. చిత్రమంతా ఒక మనిషిది, వేలు మాత్రం మరొకరిది. కొంతకాలానికి ఆ షరతును సడలించారు. ఆడమ్స్ ఆ కళాకారుణ్ణీ, అతని కుటుంబాన్నీ చిత్రించారు.

ఆడమ్స్ మంజనార్ చిత్రాలపై విమర్శ కూడా ఉంది, అది న్యాయమైనదే. చిరునవ్వుల ముఖాలు వారి ధైర్యాన్ని చూపించాయి గాని వారికి జరిగిన గాయాన్ని పూర్తిగా చూపలేదని కొందరి అభిప్రాయం. ఆయన స్నేహితురాలు డొరోతియా లాంగ్ 1942లో ప్రభుత్వ నియామకంపై ఈ తరలింపును చిత్రించారు. మెడలో గుర్తింపు చీటీలు వేలాడుతున్న పిల్లలను, మూటలతో నిరీక్షిస్తున్న కుటుంబాలను ఆమె తీసిన తీరులో ఆగ్రహం సూటిగా కనిపిస్తుంది. సైన్యం ఆ చిత్రాలను యుద్ధం ముగిసేదాకా బయటికి రానివ్వలేదు. ఒకే అన్యాయాన్ని ముగ్గురు మూడు రకాలుగా చూశారు. లాంగ్ గాయాన్ని చూశారు. ఆడమ్స్ గౌరవాన్ని చూశారు. మియాటకే లోపలి నుంచి చూశాడు. ఆ ముగ్గురూ ఉండబట్టే నేడు సత్యం నిండుగా కనిపిస్తోంది.

1965లో ఆడమ్స్ తన మంజనార్ చిత్రాలను అమెరికా పార్లమెంటు గ్రంథాలయానికి ఉచితంగా అప్పగించి, వాటిపై హక్కులను వదులుకున్నారు. ఎవరైనా వాడుకోవచ్చు. 1988లో అమెరికా ప్రభుత్వం చట్టం ద్వారా క్షమాపణ చెప్పి, అప్పటికి జీవించి ఉన్న బాధితులు ఒక్కొక్కరికీ 20 వేల డాలర్ల పరిహారం ప్రకటించింది. ఆ రోజును చూడడానికి ఆడమ్స్ లేరు. 1984 ఏప్రిల్ 22న ఆయన కన్నుమూశారు.

ఆ తల్లికి నా జవాబు

ఆయన చిత్రాలు నేలకు కూడా మేలు చేశాయి. 1938లో వెలువడిన ఆయన సియెర్రా నెవాడా చిత్రాల పుస్తకం అధ్యక్షుని వరకు చేరింది. 1940లో కింగ్స్ కాన్యన్ ప్రాంతం జాతీయ ఉద్యానవనంగా ప్రకటితం కావడానికి ఆ చిత్రాలు తోడ్పడ్డాయి. 1980లో ఆయనకు అమెరికా అత్యున్నత పౌర పురస్కారం లభించింది. అయితే ఆ తల్లికి నేను చెప్పదలచింది పురస్కారాల గురించి కాదు. కెమెరా పట్టిన ప్రతి పిల్లవాడూ ఆడమ్స్ కాడు, కానక్కరలేదు కూడా.

బెహన్, మీ అబ్బాయి ఒక చెట్టు ముందు గంటసేపు నిలబడగలుగుతున్నాడంటే అతనికి ఏకాగ్రత లేదనడం సరికాదు. ఉంది, మీరు వెతికిన చోట లేదు, అంతే. బీరువా తాళం తీయించండి. అయితే ఊరికే ఇవ్వకండి. రోజుకు పది చిత్రాలకు మించి తీయకూడదని నియమం పెట్టండి. ప్రతి చిత్రానికి ముందు ఏం చూపాలనుకున్నాడో రెండు వాక్యాలు కాగితంపై రాయమనండి. ఆ రాతలో భాష వస్తుంది. వెలుగు గురించి అడిగితే భౌతికశాస్త్రం వస్తుంది, కొలతల దగ్గర గణితం వస్తుంది. పరీక్ష గట్టెక్కవలసిన అవసరం ఎలాగూ ఉంది; ఆన్సెల్ కూడా ఎనిమిదో తరగతి పత్రం తెచ్చుకున్నాడు. సెలవుల్లో తెలిసిన స్టూడియోలో పనికి పంపండి. దీపాలు మోయడం, తీగలు చుట్టడం, పెళ్ళి ఆల్బమ్‌లు అమర్చడం నేర్చుకోనివ్వండి. మోజు మాత్రమే అయితే అక్కడే చల్లారుతుంది. నిజమైన ఇష్టమైతే అక్కడే వేళ్ళూనుతుంది.

ఆ అబ్బాయికి మరొక మాట. బాబూ, నీ చేతిలోని కెమెరా ఒక అమానతు. అడగకుండా ఎవరి ముఖాన్నీ తీయకు. ఎవరి అవమానాన్నీ, ఎవరి కష్టాన్నీ నలుగురి నవ్వుల కోసం పంచకు. జరగనిది జరిగినట్టు చూపకు. ఏదో ఒక రోజు నీ వాడకట్టులో ఎవరినైనా, వారు ఎవరైనా సరే, కేవలం పుట్టుకను బట్టి వేలెత్తి చూపించే పరిస్థితి వస్తే, ఆనాడు నీ కెమెరా ఎటు తిరిగి ఉంటుందో ఇప్పుడే ఆలోచించుకో. షట్టరు నొక్కడానికి ముందు తేల్చుకోవలసిన విషయం అదే.

ఇక ఆ తండ్రిగారితో నేనే స్వయంగా మాట్లాడతానని ఆమెకు మాట ఇచ్చాను. వచ్చే ఆదివారం వారింటికి వెళుతున్నాను. చార్లెస్ ఆడమ్స్ కథ ఆయనకు చెప్పాలి.